కుక్క వాటా

నా జీవితంలో అడిగిన ధర అడిగినట్టు, గింజ తగ్గకుండా దక్కిన బేరం ఒక్కటే. ఆ బేరంలోనే నా కుక్క పోయింది.

బేరం చేతకాక పోగొట్టుకున్నానని ఎవరైనా అంటే అది మా వంశానికే అవమానం. నరసన్నపేట బజారులో మా మేనమామ కొట్టు వెనక, మిరపకాయల బస్తాలకీ బెల్లం దిమ్మలకీ మధ్య నడక నేర్చినవాణ్ణి. మా వాళ్ళు దేవుడికి మొక్కుకునేటప్పుడు కూడా నూట ఎనిమిది కొబ్బరికాయల దగ్గర మొదలుపెట్టి, కష్టం కాస్త నెమ్మదించేసరికి ఆయన్ని పదకొండుకు ఒప్పించేవారు. ధర వినగానే ముందు నవ్వాలనీ, తరవాత లేచి నిలబడాలనీ, నాలుగడుగులు వేసేదాకా వెనక్కి తిరగకూడదనీ నాకు అక్షరాలకన్నా ముందే వచ్చు.

అక్షరాలు వచ్చాక చెడిపోయాను. పొట్లాలు కట్టే కాగితాల మీద మాంత్రికులనూ, రాకుమారులనూ, ఎగిరే మంచాలనూ రాయడం మొదలుపెట్టాను. మద్రాసు నుంచి వచ్చే ఒక మాసపత్రిక వాళ్ళు, పాపం తెలియక, వాటిని సీరియల్‌గా వేసుకున్నారు. ఆ సంగతి మావయ్యకు తెలిసిన రోజున తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కాఫీ తెప్పించి ఎదురుగా కూర్చోబెట్టాడు. నాకు అనుమానం అప్పుడే రావలసింది.

"ఒరే, రాసుకునేవోడికి ఏటి కావాల? ఏకాంతం కావాల," అన్నాడు. "కొండ మీద మన గొడౌనున్నాది. సుట్టూ అడవి. పిట్ట కూత తప్ప ఇంకోటి ఇనబడదు. సింతపండు సీజను రెండు నెల్లు సూసుకో, సాలు. రోజుకో మాంత్రికుణ్ణి రాసుకో. నేనొద్దంటానా?"

ఆయన నాకు కొండను అమ్మాడు. నేను నవ్వలేదు, లేవలేదు, నాలుగడుగులు వెయ్యలేదు. చూడకుండా కొనేశాను.

రెండు నెలలు రెండేళ్ళయ్యాయి. అరవయ్యో దశకం చివరి సంవత్సరాలవి. సాలూరు దాటి ఘాటీ ఎక్కి, బస్సు దిగాక రెండు గంటలు నడిస్తే మా గొడౌను. రేకుల కప్పు, ఒక తలుపు ముందు, ఒకటి వెనక, ఇనుప చువ్వల కిటికీ ఒకటి. పైన కూతవేటు దూరంలో ముప్పై గడపల కొండదొరల ఊరు. బుధవారం నాడు మా గుమ్మం ముందు మైదానంలో సంత. చింతపండు, పసుపు కొమ్ములు, పిప్పళ్ళు కావిళ్ళ మీద దిగేవి. బదులుగా నేను ఉప్పూ, బెల్లమూ ఇచ్చేవాణ్ణి. మిగిలిన ఆరు రోజులూ నేనూ, చింతపండు వాసనా. వానాకాలం వస్తే ఘాటీలో కొండచరియ విరిగి రోడ్డు మీద కూర్చునేది. అది లేచేదాకా వారాల తరబడి టపా ఉండదు, బస్సు ఉండదు. సరుకు విడిచి బయటికి పోవడానికి లేదు. తాళం వేసి ఏటికి స్నానానికి వెళ్ళినా, తిరిగొచ్చేదాకా గొడౌనును వీపు మీద మోస్తున్నట్టే ఉండేది.

మావయ్య నెలకో కార్డు రాసేవాడు. "నమ్మకమైన మనిషి దొరికినాడు. వచ్చే నెల నిన్ను దింపేస్తాను." కార్డు మారేది గాని వాక్యం మారేది కాదు.

దిగిపోవచ్చు కదా అని మీరనవచ్చు. నాన్న పోయినప్పటినుంచీ మా అమ్మ అన్నగారింట్లోనే ఉంటోంది. నేను చెప్పకుండా కొండ దిగితే మావయ్య నన్నేమీ అనడు. భోజనాల దగ్గర, అమ్మ వడ్డిస్తూ ఉండగా, గోడతో అంటాడు. ఆ గోడ తలుచుకుంటే నా కాళ్ళు ముందుకు కదిలేవి కావు.

నా కథలో రాకుమారుడు అప్పటికి ఏడు నెలలుగా ఏడు ప్రాకారాల కోటలో బందీగా ఉన్నాడు. రెండు సంచికల్లో విడిపించేద్దామనుకున్నవాణ్ణే. నాకే దారి తెలియకపోతే వాడికెలా చూపించాలో తోచలేదు. సంపాదకుడు కూడా, "తొందరపడవద్దు, పాఠకులకు కోట బాగా నచ్చింది" అని రాశాడు. పాఠకులకేం, వాళ్ళు బయటున్నారు.

రెండో ఏడు వేసవిలో, మిట్టమధ్యాహ్నం, ఒక ఎలుగుబంటి వెనక తలుపు చీల్చుకుని లోపలికి వచ్చింది. ఎక్కడికీ తొందర లేనిదానిలా బెల్లం దిమ్మ ఒకటి తిని, ఇంకొకటి పట్టుకుపోయింది. అంతసేపూ నేను బస్తాల మీద, రేకులకు తల తగిలేంత ఎత్తున నిలబడి, నా కథల్లోని వీరులందరినీ పేరుపేరునా తలుచుకున్నాను. ఒక్కడూ రాలేదు.

మర్నాడు పై ఊరి పెద్దాయన వచ్చాడు. అరవై దాటిన మనిషి, వేటలో ఊరికి ముందు నడిచేవాడు. నేను ఆయన్ని తాతా అనేవాణ్ణి. కాటా ముందు కూర్చుంటే మాకు అందరూ చుట్టాలే. ఆయన వెంట ఎర్రటి ఆడకుక్క ఒకటి, కుడి చెవి చిరిగినది, కూర్చోమనకుండానే కూర్చుంది.

"ఇదుంటే ఎలుగ్గొడ్డు రాదు, సావుకారీ. ఉంచుకో."

"ఎంత?" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "కుక్కకి ఎంతేటి?"

ఊరికే వచ్చినదాన్ని నమ్మడం మా ఇంటా వంటా లేదు. ఊరికే ఇచ్చినవాడు రేపు ఊరికే అడుగుతాడు. "మూడు కుంచాలు ఉప్పిస్తాను, తాతా," అన్నాను. ఆయన ఏమీ అనలేదు. అనకపోయేసరికి ఎక్కువ చెప్పానేమో అని బెంగ పట్టుకుంది. "చెవి చిరిగి ఉంది కదా, రెండు చేసుకో," అన్నాను. దానికీ ఏమీ అనలేదు. నాతో నేనే బేరమాడుకుని, నన్ను నేనే ఓడించి, రెండు కుంచాల ఉప్పు కొలిచి ఇచ్చాను. పెద్దాయన ఉప్పు మూట కట్టుకుని నవ్వుకుంటూ కొండెక్కాడు.

దానికి నేను పేరు పెట్టలేదు. "ఒసే" అనేవాణ్ణి. మొదటి వారం రెండుసార్లు అది పై ఊరికి వెళ్ళిపోయింది. ఉప్పు పోసి కొన్నదాన్ని అలా తిరగనిస్తామా? కాటా వేలాడే స్తంభానికి జనపతాడుతో కట్టేశాను. ఎనిమిది మూరల తాడు. అది తాడు కొసదాకా వెళ్ళి ఆగేది. నేను గుమ్మందాకా వెళ్ళి ఆగేవాణ్ణి. ఇద్దరం అక్కడినుంచి వాన చూసేవాళ్ళం.

నేను వండే చారన్నం దానికి నచ్చేది కాదు. తిన్నాక నా వంక చూసే చూపులో జాలి ఉండేది. ప్రతి నెలా సీరియల్ రాసి దానికి పైకి చదివి వినిపించేవాణ్ణి. అది ఆవలించిన చోట కొట్టేసేవాణ్ణి. మాంత్రికుడి ప్రగల్భాలన్నీ అలాగే పోయాయి. ఆ వర్షాకాలంలోనే మాట్లాడే ఎర్రకుక్క ఒకటి మురుగుతూము గుండా నా కోటలోకి దూరి, రాకుమారుడికి బయటి కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. పాఠకుల ఉత్తరాలు కట్టగా వచ్చాయి. రాకుమారుడు ఎలా ఉన్నాడని ఒక్కరూ అడగలేదు.

అన్నిటికన్నా పెద్ద లాభం వేరే ఉంది. గుమ్మంలో కుక్క ఉంటే మనిషిగాని, ఎలుగుగాని లోపలికి వచ్చేది లేదు. ఏడాదిన్నర తరవాత మొదటిసారి నేను తాళం సంగతి మరిచి, పొద్దున్నే ఏటికి వెళ్ళి తీరిగ్గా మునిగాను. ఏరు దాటి గట్టు ఎక్కితే, ఎండ బాగా ఉన్న రోజున దూరంగా బొబ్బిలి వైపు చెరువులు పగిలిన అద్దం ముక్కల్లా కనబడేవి. ఆ చెరువుల అవతల రైలుంది, ఊళ్ళున్నాయి, మా అమ్మ ఉంది. రోజుకొక గంట అక్కడ కూర్చునేవాణ్ణి. ఆ గంట నాకు కుక్క పెట్టిన భిక్ష. దాన్ని కట్టేసి నేను తిరుగుతున్నానన్న ఆలోచన అప్పుడు రాలేదు. వచ్చినా తోసేసేవాణ్ణి. ఆ గంట లేకుండా ఇంకో వానాకాలం ఆ రేకుల కింద గడపలేనన్న సంగతి మాత్రం నాకు గట్టిగా తెలుసు.

చైత్రం వచ్చింది. కొండ మీద చైత్రమంటే ఇటుకల పండగ. మగవాళ్ళంతా జట్టుకట్టి రోజుల తరబడి వేటకు పోతారు. వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు ఊరి మొగలో నిలబడి పేడనీళ్ళు కొడతారు, వరసలు పెట్టి పాటలు కట్టి ఏడిపిస్తారు. కిందటేడు పెద్దాయన జట్టు వట్టి చేతులతోనే వచ్చింది. ఆ తరవాత చాలా సంతలకు ఆయన తల వంచుకునే వచ్చాడు.

"పండక్కి పిల్లని తీసుకెల్దారని వచ్చినాను, సావుకారీ," అన్నాడు ఈసారి పండగ ముందు, స్తంభం వైపు చూస్తూ.

"తాతా, దీన్ని నేను కొనుక్కున్నాను. రెండు కుంచాల ఉప్పిచ్చాను, మరిచిపోయావా?"

"ఇచ్చినావు. నాను కాదన్నానేటి? పిల్లనిచ్చినోడికి ఓలి ఇస్తారు. ఓలి ఇచ్చినావని పండక్కి పుట్టింటికి అంపవేటి? మీ ఊళ్ళో అంపరా?"

"మా ఊళ్ళో వెంట అల్లుడు కూడా వెళ్తాడు."

"రా మరి. నీకూ ఓ బల్లెం ఇస్తాం."

నేను లోపల బెల్లం దిమ్మలు లెక్కపెడుతున్నట్టు తల తిప్పుకున్నాను. పంపనంటే సంత మొత్తం నా మీద మండిపడుతుంది. పంపితే అది తిరిగి రాదేమోనని భయం. కాబట్టి నాకు తెలిసిన పనే చేశాను. కూర్చుని బేరం మొదలుపెట్టాను. ఆయన ఐదు రోజులన్నాడు, నేను రెండన్నాను, మూడు దగ్గర తెగింది.

"అది తిరిగి రాకపోతే?" అన్నాను.

"రాకపోడమేటి? ఏటలో ముందు పడ్డ కుక్కకి ఆటా ఉంటాది. దానికి కూడెట్టినోడు ఆ ఆటా తీసుకుంటాడు. తీసుకున్నోడిదే కుక్క. మా పద్దతది. నీకు సగం తెస్తాను."

వాటా అనే మాట చెవిన పడితే మా వాళ్ళు నిద్రలోంచి కూడా లేచి కూర్చుంటారు. "సగమేమిటి తాతా? కూడు పెట్టింది ఎవరు?"

"నువ్వే. ఏట నేర్పింది నాను."

"నేర్పింది ఎప్పటి మాట? ఏడాదిగా మేపుతున్నది నేను. మొత్తం కావాలి."

పెద్దాయన చుట్ట తీసి, వెలిగించకుండా మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. "మొత్తమంటే మొత్తం నీదే. అందరి ముందరా తీసుకోవాల. తీసుకుంటావు గదా?"

"ఎందుకు తీసుకోను?"

రిజిస్ట్రారు ఆఫీసులో ముద్ర పడ్డంత సంబరపడ్డాను. ఈ వాటాతో కుక్క పదిమంది ఎదుట నాదైపోతుంది. వేటకు వెళ్ళినవాళ్ళు వాటాగా చింతపండు తేరు కదా అన్న పాటి ఆలోచన నాకు తట్టలేదు. సరుకేమిటో చూడకుండా వాటా ఖాయం చేసుకున్న షావుకారు మా వంశంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

తాడు విప్పబోతే, నేను వేసిన ముడి నా గోళ్ళకే లొంగలేదు. ఏడాది లాగుళ్ళకు బిగుసుకుపోయింది. పెద్దాయన నడుముకున్న కత్తి తీసి కోశాడు. కుక్క ఒళ్ళు దులుపుకుని కొండ వైపు పరుగెత్తింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ మూడు రోజులూ నేను గుమ్మం దాటలేదు. ఏటికి వెళ్ళలేదు, గట్టెక్కలేదు. బిందెడు నీళ్ళు పట్టుకుని లోపలే స్నానం. ఎక్కడో డప్పులు వినబడేవి, ఒక కొండ మీదినుంచి ఇంకో కొండ మీదికి తిరుగుతూ. సీరియల్ ముందు కూర్చుంటే, కుక్క లేని కోటలో రాకుమారుడు గోడకు చేరబడి ఒక్క మాటా మాట్లాడలేదు. స్తంభానికి కొత్త తాడు మాత్రం కట్టి పెట్టాను.

మూడో రోజు మధ్యాహ్నం డప్పులు దగ్గరయ్యాయి. ఊరికి దారి తీసే మా మైదానంలో పేడనీళ్ళ కుండలతో కాచుకున్న ఆడవాళ్ళు, వాసానికి వేలాడదీసి మోసుకొస్తున్న అడవిపందిని చూసి కుండలు దించారు. వాళ్ళ కాళ్ళ మధ్యనుంచి ఎర్రకుక్క తిన్నగా నా దగ్గరికి వచ్చింది. భుజం మీద జానెడు గాటు. తడి ముక్కు నా మోకాలికి ఆనించింది.

"వచ్చావుటే, ఒసే," అన్నాను.

పెద్దాయన వెనకాలే వచ్చాడు. చేతిలో అడ్డాకుల పెద్ద పొట్లం. ఊరంతా చూస్తూండగా దాన్ని తెచ్చి నా కాటా పళ్ళెంలో పెట్టాడు. నేను ఏదైనా పుచ్చుకునేది అందులోనే కదా. పళ్ళెం బరువుకు కిందికి దిగింది. ఆకుల సందునుంచి ఎర్రగా ఒక బొట్టు నేల మీద పడింది.

మా ఇంట్లో ఉల్లిపాయ తరిగినా చేతులు రెండుసార్లు కడుక్కునేవారు. రెండడుగులు వెనక్కి వేశాను. "తీసెయ్ తాతా. ముందది అక్కణ్ణుంచి తీసెయ్."

"ఏటి, తక్కువైనాదా? తొడ మొత్తం ఎట్టినాను. గుండికాయ కూడా ఉన్నాది."

కుండలు దించినవాళ్ళలో ఒకావిడ నవ్వింది. "సావుకారి మొకం సూడండే. బల్లెం పోటు పందికి కాదు, ఈయనకే పడినట్టున్నాది."

అందరూ నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "తినమన్లేదు. సెయ్యేసి తీసుకో, సాలు. నువ్వు తీసుకున్నాక నాను పట్టుకుపోయి వండుకుంటాను."

అంతకన్నా మంచి బేరం నా జన్మలో ఎవరూ ఇవ్వలేదు. ఒక్క క్షణం చెయ్యి వేస్తే కుక్క నాది, గట్టు నాది, రోజుకొక గంట నాది. చెయ్యి చాపాను. సగం దూరం వెళ్ళింది. పచ్చి నెత్తుటి వేడి అరచేతికి తగిలినట్టనిపించింది. మావయ్య భోజనాల గదిలో గోడ గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి వచ్చేసింది. చెయ్యి ఓడిపోయాక నాలుక అందుకుంది. నాలుక మా వంశానిది.

"దీని బదులు ఇంకేదైనా ఇచ్చుకో, తాతా. పసుపు ఇయ్యి."

"పసుపా?"

"ఎండిన కొమ్ములు. రెండు కుంచాలు."

ఆయన నవ్వుతాడనీ, లేస్తాడనీ, ఒకటికి దిగుతాడనీ చూశాను. ఆయన తన వాళ్ళందరి వైపూ ఒకసారి చూశాడు. నవ్వులు ఆగిపోయి ఉన్నాయి.

"రెండు కుంచాలు," అన్నాడు. "సరే."

పొట్లం తీసుకుని వెళ్ళిపోయాడు. నేను కాటా పళ్ళెం మూడుసార్లు చింతపండుతో తోమి, కుక్కను కొత్త తాడుకు కట్టి, గాటుకు పసుపు అద్ది, చాలా తెలివైనవాణ్ణనుకున్నాను. రెండు కుంచాల ఉప్పుకు రెండు కుంచాల పసుపు. కుక్క అదనం.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన పసుపు తెచ్చాడు. కుంచం గోపురంలా నింపి, రెండుసార్లు తనే పళ్ళెంలో పోశాడు. తరవాత నాలుకతో చిన్నగా చప్పుడు చేశాడు. కుక్క లేచి నిలబడింది.

"ఇదేమిటి, తాతా?"

"ఆటా ఒద్దన్నావు. దానికి ఎల కట్టి పుచ్చుకున్నావు. మరి కుక్క మాదే గదా."

"నేను ధర కట్టింది వాటాకి. కుక్కకి కాదు."

"మాకు రెండూ ఒకటే, సావుకారీ. నాను ముందే సెప్పినాను. నిన్న అందరూ సూసినారు." ఆయన గొంతులో కోపం లేదు. కొంచెం సిగ్గు ఉంది, నా తరఫున.

"మూడు కుంచాల ఉప్పిస్తాను," అన్నాను. ఆయన తాడు విప్పడానికి వంగాడు. "నాలుగు. పైన బెల్లం దిమ్మ." నా జీవితంలో ధర పెంచుకుంటూ పోవడం అదే మొదలు, ఎక్కడ ఆపాలో తెలియలేదు. "ఐదిస్తాను, తాతా."

"కుక్కకి ఎంతేటి?" అన్నాడు, మొదటి రోజు అన్నట్టే.

అది నాకు కావాలి అన్న మాట నోటిదాకా వచ్చింది. ధర తగిలించకుండా ఆ మాట ఎలా అనాలో నాకెవరూ నేర్పలేదు. కొత్త తాడు కదా, ముడి ఒక్క లాగుకే ఊడిపోయింది.

ఆ పసుపు కిందికి పంపాను. నెల తిరిగేసరికి మావయ్య కార్డు వచ్చింది. "పసుపు మేలు సరుకు. అదే ధరకు ఇంకా దొరికితే పట్టు. నమ్మకమైన మనిషి దొరికినాడు. వచ్చే నెల నిన్ను దింపేస్తాను." దానితోపాటే సంపాదకుడి ఉత్తరం. కుక్క ఏమైందని పాఠకులు అడుగుతున్నారట. నిజమే రాశాను. ఎర్రకుక్క తూములోంచి బయటికి వెళ్ళిపోయింది. రాకుమారుడు వెంట వెళ్దామని తల దూర్చాడు గాని, భుజాలు పట్టలేదు. ఆ సంచిక బాగుందని చాలామంది రాశారు.

వెనక తలుపుకు రెండు అడ్డకర్రలు వేయించాను. గట్టెక్కడం మానేశాను. తాళం వేసి ఏటికి వెళ్ళి, రెండు మునకలు వేసి పరుగున వచ్చేసేవాణ్ణి.

బుధవారాలు మాత్రం అది పెద్దాయన వెంట సంతకు వచ్చేది. నన్ను చూసి తోక ఊపేది. వచ్చి కాటా కింద, ఒకప్పటి తన చోటులోనే పడుకునేది. తూకాల మధ్య నేను కాలి బొటనవేలితో దాని చిరిగిన చెవి నిమిరేవాణ్ణి. స్తంభానికి తాడు అలాగే ఉండేది, దాని వంక అది చూసేది కాదు. పొద్దు వాలి సంత విరిగి, పెద్దాయన కావిడి భుజానికెత్తుకోగానే లేచి, ఒళ్ళు దులుపుకుని వెళ్ళిపోయేది. నేను గుమ్మందాకా వెళ్ళి ఆగేవాణ్ణి. కొండ మలుపులో ఎర్రటి చుక్క కనబడకుండా పోయేదాకా నిలబడి, లోపలికి వచ్చి గడియ పెట్టుకునేవాణ్ణి.